పసుపు దీపాల కింద ఉప్పు పిల్ల

విశాఖ కార్తె. మొదటి షిఫ్టు.

గాలి బాగుంది. దీపాలు వెలుగుతున్నాయి. పెద్ద ఫ్యాను చప్పుడులో తేడా లేదు. తలుపుల దగ్గర ఉన్నది నేనే, ఓదెమ్మను.

ఇంత రాస్తే చాలంటాడు మా షిఫ్టు పెద్ద, ఓవర్‌మన్. షిఫ్టు దిగేముందు గాలి తలుపులు కాసే మనిషి గాలి పుస్తకంలో రెండు ముక్కలు రాయాలన్నది బావి కట్టుబాటు. మూడో తరగతి దాకా చదివినదాన్ని, రెండు ముక్కలతో నాకు ఆగదు. మనసులో ఉన్నది రాయకపోతే గొంతుకు అడ్డంపడి అన్నం దిగదు. చదివేవాళ్లు ఎటూ పైవాక్యం చూసి పేజీ తిప్పుతారు.

ఈ పూట నా దిగులు సింగిడి గురించి. వీపు గోక్కుంటోంది. రెండు కార్తెలుగా చూస్తున్నాను. దద్దు లేదు, పొక్కు లేదు, ఊరికే గోక్కుంటోంది.

సింగిడి నా కొడుకు రాజలింగు బిడ్డ. బావిలో పుట్టిన పిల్లలకు పైన ఉండేవాటి పేర్లు పెట్టుకోవడం మాకు అలవాటు. మా వాడలో ఒక తొలకరి ఉంది, ఒక మొగులయ్య ఉన్నాడు, పొద్దులు ఇద్దరున్నారు. సింగిడి అంటే వాన వెలిశాక ఆకాశంలో పడే రంగుల విల్లు. నేను చూశాను. పైన ఎండలకు మనుషులు పిట్టల్లా రాలి, మిగిలినవాళ్లం ఈ పాత బొగ్గు బావుల్లోకి దిగేనాటికి నాకు ఊహ తెలుసు. రాజలింగు చూడలేదు, కోడలు స్వరూప చూడలేదు. సింగిడి మాత్రం ఎప్పుడూ అడుగుతుంది, అందులో ఏ రంగు పక్కన ఏ రంగు ఉంటుందని. నాకు వరస గుర్తులేదు, తోచినట్టు చెబుతాను. ఇక్కడ రంగులంటే ఏమున్నాయి గనక. దీపాల పసుపు అన్నిటిమీదా పడి అన్నం పసుపు, గోడ పసుపు, మనుషులందరం పెళ్లికూతుళ్లలా పసుపు.

అది ఉప్పు పిల్ల. నుదుటిమీద ముద్దు పెడితే పెదవికి ఉప్పు తగులుతుంది. షిఫ్టుకు వచ్చేముందు రోజూ ముద్దు పెట్టి పెదవి చప్పరిస్తాను. అది కళ్లు మూసుకునే అడుగుతుంది, ఈ పూట ఎంత ఉంది బాపమ్మా అని. పప్పుకు సరిపోను ఉందనో, మజ్జిగకు సరిపోను ఉందనో చెబుతాను. బాగా ఆడి వచ్చిననాడు మామిడికాయ తొక్కుకు సరిపోను ఉందంటే గర్వంగా నవ్వుతుంది. మామిడికాయ ఎట్లా ఉంటుందో దానికి తెలియదు.

మా కాలంలో ఉప్పు పిల్ల నిలవదనేవారు. నా పెద్దబిడ్డ శాంత నిలవలేదు. కఫం జిగురులా గట్టిపడి ఊపిరి ఆడక పోయింది. ఇప్పుడు మాత్రలు వచ్చాయి, పొద్దున ఒకటి, మాపున ఒకటి. అన్నంతోపాటు తిండి అరగడానికి ఇంకో మాత్ర. చెమటలో ఉప్పు కారిపోతుంది కాబట్టి దాని అంబలిలో అందరికంటే ఎక్కువ ఉప్పు, ఎక్కువ నెయ్యి. నర్సు సలోమి నెలకోసారి వచ్చి బడి సొరంగంలో ఉప్పు పిల్లలందరిచేతా గొట్టంలో ఊదిస్తుంది. ఊపిరి బాగుంటే గొట్టం తగిలించిన పెట్టెమీద ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. మావాళ్లు నిశ్చింతగా నిద్రపోతారు. నేను పోను.

అనూరాధ కార్తె. రెండో షిఫ్టు.

గాలి బాగుంది. తొమ్మిదో మలుపు దగ్గర పైకప్పును మోసే దిమ్మె ఒకటి కిర్రుమంటోంది, చూడవలసింది. ఎలుకలు కనబడటం లేదు. పైకప్పు కూలేముందు ఎలుకలు పోతాయంటారు కాబట్టి భయమేసింది. తరవాత తెలిసింది, పోశవ్వ పిల్లి తెచ్చుకుందట.

పోశవ్వ నాతోపాటు బావిలోకి దిగిన మనిషి. రెండో తలుపు దగ్గర కూర్చుంటుంది. ఒక తలుపు మూసుకున్నాకే ఇంకోటి తీయాలి, లేకపోతే గాలి అడ్డదారి పట్టి లోపలివాళ్లకు అందదు. అందుకని ఇద్దరం గంట కొట్టి ఒకరికొకరం చెప్పుకుంటాం. మధ్యలో మాటలు కూడా. సింగిడికి ముక్కులోంచి నెత్తురు కారిందని, పళ్లు తోముకున్నా కారుతోందని చెప్పాను. వేడికి కారిందేమోనంది. పొట్ట కూడా ముందుకు వచ్చినట్టుందన్నాను.

"ఓదక్కా, నీకు దిగులు లేకపోతే అదొక దిగులైతది. పిల్ల తిని బొజ్జ పెంచితే ఏడుస్తవ్, పెంచకపోతే ఏడుస్తవ్" అంది.

నిజమే అనిపించి నవ్వాను. ఇంటికి వచ్చి చూస్తే చేతులూ కాళ్లూ పుల్లల్లా ఉన్నాయి, పొట్ట ఒక్కటే పెరిగింది.

జ్యేష్ఠ కార్తె. మొదటి షిఫ్టు.

గాలి బాగుంది. దిమ్మె మార్చారు.

సలోమి ఈ పూట బడికి వచ్చింది. తలుపు వదిలి నేను కదలకూడదు గనక పొట్ట సంగతి, గోకుడు సంగతి, నెత్తురు సంగతి స్వరూపకు చెప్పి పంపాను. స్వరూప అడగకుండానే తిరిగి వచ్చింది. వరసలో ఇంకా చాలామంది పిల్లలున్నారట. "పచ్చ దీపం ఎలిగింది గద అత్తమ్మా, ఇంకేమడగాలె" అంది. దాని తప్పు కాదు. ఆ దీపం వెలిగితే చాలని మాకందరికీ అలవాటైంది. ఉప్పు పిల్లకు చావు వస్తే ఛాతీలోంచే వస్తుందని మా ఎముకల్లో ఇంకిపోయింది. శాంత అట్లాగే పోయింది కదా. మేము ఆ గుమ్మానికే కాపలా కూర్చున్నాం.

మూల కార్తె. షిఫ్టు లేదు.

ఈరోజు పొద్దుచూపు. ఏడాదికి ఈ ఒక్క కార్తెలోనే పైన చలి ఉంటుంది. పిల్లలకు నువ్వుల నూనె రాసి, కేజీలో పైకి తీసుకుపోయి, సూర్యుడికి చూపించి తీసుకొస్తాం. కేజీ అంటే బావిలో మనుషుల్ని ఎక్కించి దించే ఇనప బోను. ఎవరి పిల్లను వాళ్ల ఇంటి పెద్దమనిషి ఎత్తి చూపించాలి. సింగిడి పెద్దదైంది, నేను ఎత్తలేను. దాన్ని ముందు నిలబెట్టి భుజాలు పట్టుకున్నాను.

పైన గట్టు చుట్టూ పచ్చటి మొక్కలు మొలిచి ఉన్నాయి. గాలి ముక్కుకు కోస్తోంది. చీకటి పలచబడి ఆకాశం బూడిదరంగులోంచి తెల్లబడింది.  పిల్లలు అరుస్తున్నారు, నాకు మాత్రం పైన మా ఇంటి గోడ, దానిమీద ఆరేసిన మా అమ్మ తెల్లచీర గుర్తుకు వచ్చాయి. ఇంక చాలు, ఇక్కడే ఉండిపోతాననిపిస్తుంది.

సింగిడి వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"బాపమ్మా, నీ ఎంటికలు తెల్లగున్నయే. కింద పసుపుగుంటయి గద" అంది.

నేను దాని కళ్లు చూస్తున్నాను. నా వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. పక్కన మొగులయ్య కళ్లు తెల్లగా ఉన్నాయి. సింగిడి కళ్లలో తెల్లగుడ్డు ఉండవలసిన చోట పసుపు, పల్చగా, పసుపు కొమ్ము అరగదీసిన నీళ్లలా. కింద అందరం పసుపే కాబట్టి ఎన్నాళ్లనుంచి ఉందో ఎవరికి తెలుసు.

సూర్యుడు పైకి వచ్చాక అందరి ముఖాలూ బంగారు రంగు తిరిగాయి. అప్పుడు చూపిస్తే రాజలింగు నమ్మలేదు. ఎండ పడితే ఎవరైనా అట్లాగే ఉంటారన్నాడు. వాడు పైన ఉన్నదెంత, వాడికి వెలుగుల తేడా తెలియదు. ఏమన్నా ఉంటే సలోమి వచ్చే నెల చూస్తుందిలే, పండుగ పూట ఏడుపు పెట్టకు అన్నాడు.

కేజీ గంట కొట్టేలోపు గట్టుమీద నేల ఉసిరి మొక్కలు దొరికినన్ని పీకి కొంగులో కట్టుకున్నాను.

మూల కార్తె. రెండో షిఫ్టు.

గాలి బాగుంది.

కామెర్లకు ఏం చేయాలో నాకు తెలుసు. మా నాయనకు వచ్చినప్పుడు మా అమ్మ చేసింది. నేల ఉసిరి పసరు మజ్జిగలో. చప్పిడి పత్యం. ఉప్పు వద్దు, నూనె వద్దు, నెయ్యి వద్దు. మా నాయన లేచి తిరిగాడు.

స్వరూప పుట్టగొడుగుల మడుల పనికి పోయినప్పుడు పిల్లకు తిండి పెట్టేది నేనే. అంబలిలో ఉప్పు ఆపాను. నెయ్యి ఆపాను. మొదట కొంచెం భయమేసింది, ఉప్పు పిల్ల కదా అని. ముద్దు పెట్టి చూశాను. ఎప్పటిలాగే ఉప్పగా ఉంది. ఒంట్లో ఇంత ఉప్పు పెట్టుకున్న పిల్లకు నాలుగు పూటలు మానితే ఏమవుతుందిలే అనుకున్నాను.

చప్పగా ఉందంది. ఉప్పు బండి రాలేదన్నాను. వచ్చేదాకా అమ్మతో అనకు, బాధపడుతుందన్నాను. సరేనంది. చెప్పిన మాట వినే పిల్ల.

పూర్వాషాఢ కార్తె. మొదటి షిఫ్టు.

గాలి ఇప్పుడు బాగుంది. నిన్న పొద్దున పెద్ద ఫ్యాను ఆగింది, బెల్టు తెగిందట. మార్చేసరికి మా వాడ పొయ్యిలా కాలింది. మేమందరం చెమటకు తడిసి ముద్దయ్యాం.

నేను తలుపుల దగ్గరే ఉన్నాను. పోశవ్వ వైపునుంచి గంట అదేపనిగా మోగింది. అట్లా మోగిస్తే మనిషి పడిపోయాడని. సింగిడి బడిలోనే కూలిపోయింది. ఎత్తుకుని తెచ్చారు. కాళ్లు కొంకర్లు పోతున్నాయి, పిలిస్తే పలకటం లేదు. నుదుటిమీద ఉప్పు తెల్లగా పొడిపొడిగా పేరుకుంది, చేప ఎండబెట్టినట్టు.

అదృష్టం ఏమంటే సలోమి పక్క బావిలోనే ఉంది, వచ్చింది. చేతినరంలో ఉప్పునీళ్లు ఎక్కించింది. ఈమధ్య ఏం తింటోందని అడిగింది. స్వరూప ఎప్పటిలాగే అంది. నేను కాదన్నాను. పసరు సంగతి, పత్యం సంగతి అంతా చెప్పాను. రాజలింగు నా వైపు చూడలేదు. స్వరూప చూసింది. ఆ చూపు రాయను.

సలోమి కోపపడుతుందనుకున్నాను. నా పక్కన గచ్చుమీద కూర్చుంది.

"పెద్దమ్మా, చెమట ఉప్పగుంటే ఒంట్ల ఉప్పున్నట్టు కాదు. ఒంట్లకెల్లి ఉప్పు పోతున్నట్టు. నువ్వు కారే కుండకు నీళ్లు ఆపినవ్."

తరవాత, కామెర్లు అని నీకెట్లా తెలిసిందని అడిగింది. పొద్దుచూపునాడు తెల్లవారకముందు చూసిన కళ్ల సంగతి చెప్పాను. తన సంచిలోంచి చిన్న తెల్లదీపం తీసి పిల్ల రెప్ప కిందికి లాగి చూసింది. ఆ తరవాత పొట్టమీద చెయ్యి పెట్టింది. కుడిపక్క, ఎడమపక్క, వేళ్లతో మెల్లగా నొక్కుతూ చాలాసేపు. 

"నువ్వు చూసింది నిజమే. చేసిందే తప్పు" అంది.

పరీక్షకని పిల్ల నెత్తురు తీసుకుపోయింది.

ఉత్తరాషాఢ కార్తె. రెండో షిఫ్టు.

గాలి బాగుంది. దీపాలు వెలుగుతున్నాయి.

సింగిడి లేచి కూర్చుంది. ఉప్పు, నెయ్యి మళ్లీ మొదలుపెట్టాం. స్వరూపే పెడుతోంది. నేను గిన్నె ముట్టుకోవడం లేదు.

సలోమి ఇంటికి వచ్చి అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఛాతీలో కఫం చిక్కబడినట్టే ఉప్పు పిల్లల్లో కొందరికి కార్జంలో ఊరే పసరు చిక్కబడుతుందట. సన్నగొట్టాలు పూడుకుపోయి కార్జం రాయిలా గట్టిపడుతుంది. మాత్రలు ఛాతీని కాపాడాయి గానీ, అవి మొదలుపెట్టేనాటికే ఇక్కడ పాడు మొదలైపోయింది. నెత్తురు పోవడానికి దారిలేక పక్కనున్న తిల్లి, పుస్తకాల్లో ప్లీహం అంటారట, ఉబ్బింది. పొట్ట అదే. లోపలి నరాలు కూడా ఉబ్బాయి. అవి ఎప్పుడైనా పగిలితే పిల్ల నెత్తురు కక్కుకుంటుంది, అప్పుడు బావిలో ఎవరూ ఏమీ చేయలేరు.

ఇది పత్యం వల్ల కాదని, ఏళ్లనుంచి లోపల జరుగుతున్నదని స్వరూపవైపు తిరిగి ఇంకోసారి చెప్పింది. సలోమికి పుణ్యం ఉంటుంది.

దారి ఒకటే. గుట్టల మీది దవాఖానకు తీసుకుపోయి ఎవరి కార్జంలోంచైనా ముక్క కోసి పిల్లకు పెట్టాలి. ఇచ్చినవాళ్లది మళ్లీ పెరుగుతుందట. నాది తీసుకోండి అన్నాను, ముసలిదాన్ని, నాకెందుకు.

"నీ కార్జం నిండ దిగులే ఉంటది పెద్దమ్మా, పిల్లకు గది పెడ్తే ఎట్ల" అని సలోమి నవ్వించింది. రాజలింగు నెత్తురు కలుస్తుందట. వాడు అడక్కముందే చొక్కా ఎత్తి, ఎక్కడ కోస్తారని చూసుకుంటున్నాడు.

అప్పుడు చివరి మాట చెప్పింది. పరాయి కార్జాన్ని ఒళ్లు తోసేయకుండా బతికినన్నాళ్లూ మందు వేయాలి. ఆ మందు వేసుకున్న ఒళ్లు బూజుకు తట్టుకోలేదు. మన దిమ్మెల మీద, మడుల దగ్గర, గాలిలో అంతా బూజే. ఈ పిల్ల మళ్లీ బావిలోకి దిగకూడదు. గుట్టమీద బడి ఉంది, తల్లి తోడుగా ఉండవచ్చు. ఒక్కరికే చోటు.

 నాకు దగ్గు వచ్చింది. బావిలో ముసలివాళ్లందరికీ ఉండే దగ్గే. సలోమి నావైపు చూసి, చూపు తిప్పుకుంది. అర్థమైంది. నేను పైకి వెళ్లినా దాని పక్కన కూర్చునే దాన్ని కాను. నా ఊపిరిలో కూడా ఈ బూజే ఉంది.

శ్రవణం కార్తె. మొదటి షిఫ్టు.

గాలి బాగుంది. ఈ పూట రెండు తలుపులూ నేను తీస్తానని పోశవ్వను అడిగాను. సరేనంది.

గుట్టకు బయలుదేరి ముగ్గురూ ఇటే వచ్చారు. రాజలింగు భుజాన మూట, స్వరూప చేతిలో మాత్రల డబ్బా. స్వరూప వంగి నా కాళ్లు ముట్టుకుంది. ఆమె చెయ్యి కాసేపు అక్కడే ఉంది. ఆమె నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు, అడగలేదు.

సింగిడి నుదురు నా ముందు పెట్టింది. ముద్దు పెట్టాను.

"ఎంతున్నది?"

"పప్పుకు సరిపోను."

"బాపమ్మా, నాయిన కార్జం పెట్టినంక నేను గూడ నాయిన లెక్క అయితనా? మీసాలస్తయా?"

రాజలింగు నవ్వాడు. నేను రావన్నాను.

"మరి ఉప్పు పోతదా?"

 రాత్రినుంచి నా దిగులు కూడా అదే, బయటికి అనలేదు. కార్జం మారిన పిల్ల ఏ పిల్లగా వస్తుంది? మా అమ్మ కోపం వస్తే నీ కార్జం రాయా అనేది, ప్రేమ వస్తే నా కార్జమా అనేది. మనిషి ఉండేదంతా అక్కడే అని నా నమ్మకం. ఆ చోటు కోసి పారేసి ఇంకోటి కుట్టాక, నేను ఎరిగిన సింగిడి ఎక్కడ కూర్చుంటుంది?

"పోయి రా, చూద్దాం" అన్నాను.

మొదటి తలుపు తీశాను. వాళ్లు మధ్యలోకి వచ్చాక మూశాను. రెండోది తీయడానికి గడియమీద చెయ్యి వేసి నిలబడిపోయాను. నేను తీస్తేగాని వాళ్లు పోలేరు. ఇన్నేళ్లు ఈ పని చేశాను, గడియ అంత బరువని ఎప్పుడూ అనిపించలేదు. లోపలి మనుషులకు గాలి అందాలి కదా అని తీశాను.

ధనిష్ఠ కార్తె. మొదటి షిఫ్టు.

గాలి బాగుంది. దీపాలు వెలుగుతున్నాయి.

శతభిషం కార్తె. రెండో షిఫ్టు.

గాలి బాగుంది. దీపాలు వెలుగుతున్నాయి. పుస్తకం ఇప్పుడు రాయవలసినట్టు రాస్తున్నానని ఓవర్‌మన్ మెచ్చుకున్నాడు.

పూర్వాభాద్ర కార్తె. మొదటి షిఫ్టు.

మనుషులకు దీపాలిచ్చే లాంపు గదికి ఫోను వచ్చిందని కుర్చీలోంచి లేపి తీసుకుపోయారు. గాలి ఎట్లా ఉందో చూడలేదు, క్షమించవలసింది.

స్వరూప మాట్లాడింది. కోత అయిపోయింది. రాజలింగు లేచాడు, సింగిడి ఇంకా గొట్టాలమధ్య ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, మధ్యలో లైను గరగరలాడింది. కళ్లు ఏ రంగున్నాయని అరిచాను. ఆమెకు వినబడలేదు. లాంపు గదిలో వాళ్లందరూ మాత్రం విన్నారు. ఇప్పుడు నేను ఎటు పోతున్నా, కళ్లు ఏ రంగున్నాయి ఓదెమ్మా అని పలకరిస్తున్నారు. పలకరించనీ.

భరణి కార్తె. రెండో షిఫ్టు.

గాలి వేడిగా ఉంది, పైన ఎండాకాలం వచ్చినట్టుంది.

రాజలింగు దిగి వచ్చాడు. పొట్టమీద పెద్ద కుట్టు, కొడవలి వంపు తిరిగి ఉంది. పిల్ల నడుస్తోందట. ఒకసారి జ్వరం వచ్చి మళ్లీ లోపలికి తీసుకుపోయారట, ఇప్పుడు తగ్గిందట. గుట్టమీద కిటికీలున్నాయి, పొద్దుగూకాక చెట్ల కిందికి వెళ్లనిస్తారు.

కళ్లు తెల్లగా ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. ఏ తెలుపు అన్నాను. వాడికి అర్థం కాలేదు. ముద్దు పెట్టావా అన్నాను. పెట్టానన్నాడు. ఉప్పుందా అన్నాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని పెట్టానవ్వా, ఎట్లా తెలుస్తుందన్నాడు.

దాని పక్క బట్ట ఉతకలేదు నేను. వాసన పోయింది, అయినా ఉతకలేదు. అంబలి వండేటప్పుడు చెయ్యి దానంతట అదే ఉప్పు ఎక్కువ వేస్తోంది. రాజలింగు గిన్నె ఖాళీ చేస్తున్నాడు.

మఖ కార్తె. మొదటి షిఫ్టు.

గాలి బాగుంది. తడి ఎక్కువగా ఉంది. ఈ పూట దిమ్మెలమీద బూజు గీకాను, నా పని కాకపోయినా. పోశవ్వ చూసి ఎందుకే అంది. నాకు తెలుసు, బావి అంతా గీకలేనని. అయినా గీకుతుంటే కొంచెం నయంగా ఉంది. కాసేపటికి పోశవ్వ కూడా రేకుముక్క తెచ్చుకుని అటుపక్కనుంచి మొదలుపెట్టింది.

ఫోనులో సింగిడి మాట్లాడింది. గొంతు పెరిగింది. వాన పడిందట, ఆకాశంలో సింగిడిని చూసిందట. రంగుల వరస నువ్వు చెప్పినదంతా తప్పు బాపమ్మా అంది.

మూల కార్తె. షిఫ్టు లేదు.

గాలి బాగుంది. అది ముందే రాస్తున్నాను.

పొద్దుచూపుకు గుట్టమీది బండి వచ్చింది. చూపించడానికి కింద నాకు పిల్ల లేకపోయినా కేజీ ఎక్కనిచ్చారు. సలోమి నాకు ముక్కుకూ నోటికీ గుడ్డ బిగించి కట్టింది. గట్టుమీద ఒక గీత గీసి, ఇది దాటకు పెద్దమ్మా అంది.

చీకటి పలచబడేదాకా మనుషులు నల్లగానే కనబడ్డారు. తరవాత స్వరూప కనబడింది. ఆమె పక్కన పొడుగుపిల్ల ఒకతె నిలబడి ఉంది, బుగ్గలున్న పిల్ల. నేను ఇంకెవరో అనుకుని దాని వెనక వెతికాను. పొట్ట లేదు. ఏ పిల్లకైతే భయపడ్డానో ఆ పిల్లే వచ్చిందనుకున్నాను. కొత్త పిల్ల.

అది గీత దగ్గరికి వచ్చి ఆగింది. తనే వేళ్లతో రెప్ప కిందికి లాగి చూపించింది, నేను అడగకముందే. సూర్యుడు రాలేదింకా. ఆకాశం ఏ తెలుపో ఆ కళ్లదీ అదే తెలుపు. మా అమ్మ చీర తెలుపు.

 అదే మాట్లాడింది, గుట్టమీది బడి గురించి, చెట్టెక్కి తిట్లు తిన్నదాని గురించి. నిలబడి చెప్పలేక గట్టు చివరిదాకా పరిగెత్తి వచ్చి మళ్లీ చెప్పింది. స్వరూప ఒద్దంటున్నా ఇంకోసారి పరిగెత్తింది. బండివాడు పిలిచాడు. ఎండ ఎక్కేలోపు గుట్ట చేరాలి.

అప్పుడు అది మెడలో తువ్వాల తీసి ముఖం రుద్దిరుద్ది తుడుచుకుంది. ఉండగా చుట్టి, గీత ఇవతలికి విసిరింది.

"కొత్త కార్జంతోని చప్పగైన్నో ఏమో చూడు బాపమ్మా. ఇక్కడ కాదు, కిందికి పోయినంక."

ఎందుకు పరిగెత్తిందో అప్పుడు తెలిసింది నాకు.

బండి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. సూర్యుడు వచ్చాడు, నేను చూడలేదు.

కేజీ దిగుతుంటే వెలుగు పైన రూపాయి బిళ్లంత అయి పోయింది. అంతా మళ్లీ పసుపు. ముక్కు గుడ్డ విప్పి తువ్వాల పెదవికి ఆనించుకున్నాను. లాంపు గదిలో పోశవ్వ చెంబుతో నీళ్లిచ్చింది, పైకి పోయి వచ్చినవాళ్లకు నోరు ఎండిపోతుందని. తరవాత తాగుతానన్నాను. పక్కన పెట్టించాను. ఇంకా తాగలేదు.

దీపాలు వెలుగుతున్నాయి. ఫ్యాను చప్పుడులో తేడా లేదు. తొక్కుకు సరిపోను ఉంది.